గ్లాసు తొణక్కుండా తగరపువలస దాకా

విశాఖపట్నం వెళ్ళొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి మా ఉయ్యూరులో ఎవరు కనబడినా ఒకటే ప్రశ్న, సముద్రం చూశారా అని. చూశాం. నీలంగా ఉంది, పెద్దగానే ఉంది. కానీ అక్కడున్నన్ని రోజులూ నేను కళ్ళప్పగించి చూసింది సముద్రాన్ని కాదు, మా వారి మేనకోడలి కారులో, నా ఒళ్ళో పెట్టిన పళ్ళెంలో, నిండా నీళ్ళున్న స్టీలు గ్లాసుని. వెళ్ళని వాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి ముందే చెబుతున్నా. ఇందులో కైలాసగిరి లేదు, సబ్‌మెరైన్ లేదు. గ్లాసుంది.

మా వారు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఊరంతా మాస్టారు అంటారు, నేనూ అలాగే అంటాను, కాస్త వెటకారం కలిపి. కిందటేడు బస్సు దిగుతూ కళ్ళు తిరిగి పడిపోయారు. చెవి లోపల ఏదో తేడా చేసిందని, ప్రాణానికి భయం లేదని, అయితే ఇంతకన్నా నయం కావడం కష్టమని విజయవాడ డాక్టరు చెప్పాడు. బండి కదిలినా, ఆగినా, మలుపు తిరిగినా ఆయనకి లోకం గిర్రున తిరుగుతుంది. ఆనాటి నుంచి గుమ్మం దాటలేదు. ఆయన దాటకపోతే నేనెక్కడికి దాటతాను? మాస్టారికి బాగాలేదుగా, ఆవిడేం వస్తుందిలే అని నాకూ పిలుపులు తగ్గిపోయాయి. పైకి అననుగానీ, మధ్యాహ్నం పూట ఆ ఇంట్లో గడియారం చప్పుడు వింటుంటే ఏడుపొచ్చేది.

అలాంటప్పుడు ఆయన చెల్లెలు సుశీల ఫోన్ చేసింది. పెళ్ళయినప్పటి నుంచి విశాఖలోనే ఉంది, మొగుడు స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. కూతురు హిమకి పెళ్ళి కుదిరిందట. గంపలో కూర్చోబెట్టి పెళ్ళికూతుర్ని పీటల దగ్గరికి తీసుకురావలసింది మేనమామ. హిమకి సొంత మేనమామ మా వారొక్కరే.

"అన్నయ్యా, బేగి రావాలి నువ్వు," అంది.

ఈయన రాలేనని చెప్పడానికి నోరు తెరిచి, మూసేశారు.

రైల్లో పట్టుకున్న చెయ్యి

రైలు కదలబోయే ముందు నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్ళయిన కొత్తలో సైతం నలుగురిలో పట్టుకోని చెయ్యి అది. బండి లాగినప్పుడు గట్టిగా నొక్కారు, కళ్ళు మూసుకున్నారు, నుదుటి మీద చెమట పట్టింది. ఏలూరు వైపు పరుగందుకున్నాక మెల్లగా కళ్ళు తెరిచి, కిటికీలోంచి చేలు చూసి, "ఇప్పుడేం లేదు," అన్నారు. మళ్ళీ స్టేషన్ వస్తోందంటే చెయ్యి వెతుక్కునేవారు.

ఎదురు సీట్లో అనకాపల్లి పెద్దాయన ఇదంతా చూస్తూ కూర్చున్నాడు. తుని దాటాక ఉండబట్టలేక, "కొత్తగా పెళ్ళయిందేటమ్మా?" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చి, విషయం చెప్పాను. ఆయన పాపం అనలేదు, అయ్యో అనలేదు. సంచిలోంచి బెల్లం ముక్క తీసి మాస్టారి చేతిలో పెట్టి, నోట్లో వేసుకోమన్నాడు. అది చెవికి మందో కాదో నాకు తెలియదుగానీ, అంత మంచి బెల్లం మా వైపు దొరకదు.

బెల్లం చప్పరిస్తూ మాస్టారు పాఠం మొదలుపెట్టారు. చాలా కాలం తర్వాత విన్నాను ఆ గొంతు. "ఈ రైలు ఎంత వేగంగా పోతున్నా నాకేం కాదు. వేగం మారితేనే బాధ. ఆ మారడాన్నే త్వరణం అంటాం. భూమి మనందరినీ వేసుకుని ఇంతకన్నా ఎన్నో రెట్లు వేగంగా పోతోంది, ఎవరికైనా కళ్ళు తిరుగుతున్నాయా? ఒంటికి వేగం తెలియదే. త్వరణమే తెలుస్తుంది." బ్రేకు వేస్తే వేగం తగ్గడం కూడా త్వరణమేనట, రుణ త్వరణం. ఎంత వేగం ఉందో అంతే ఉంచి మలుపు తిరిగినా త్వరణమేనట, దిక్కు మారింది కాబట్టి.

తర్వాత ఆయనే నవ్వారు. మా కృష్ణా జిల్లాలో త్వరగా రా అంటాం. ఇక్కడ బేగి రా అంటారు. త్వరలోంచి పుట్టింది త్వరణం, బేగి అంటే వేగమే. మాటల్లో రెండూ ఒకటే, పాఠంలో వేరు వేరు. "మా చెల్లెలు నన్ను త్వరగా రమ్మనలేదు చూశావా. బేగి రమ్మంది. దానికి తెలియకుండానే సరిగ్గా చెప్పింది," అన్నారు. చెల్లెలంటే ఎప్పుడూ అంతే, అది తుమ్మినా శాస్త్రమే.

దువ్వాడలో దిగాక

సుశీల భర్తని నేను అన్నయ్యగారు అంటాను. మంచి మనిషి, మహా తొందర. స్టేషన్‌కి ఆటో తెచ్చి నిలబెట్టాడు. నెమ్మదిగా పోనివ్వమని ఆటో అతనికి చెప్పాం. అతనూ సరేనన్నాడు. కానీ నెమ్మది అంటే అతని లెక్కలో స్పీడు తక్కువ అని. తక్కువ స్పీడులోనే లాగాడు, ఆపాడు, లారీ పక్కనుంచి సర్రున కోశాడు, మళ్ళీ లాగాడు. కూర్మన్నపాలెం వచ్చేసరికి మాస్టారు రోడ్డు పక్కన కూర్చుని వాంతి చేసుకున్నారు. ఆటో అతను హడలిపోయి, డబ్బులొద్దన్నాడు. నీళ్ళ సీసా తెచ్చి మొహం కడిగింది కూడా అతనే. మిగతా దూరం నడిచాం, ఆయన బరువంతా నా భుజం మీద.

ఇంటి ముందు మల్లెపందిరి కింద సుశీల అన్నని చూసి నవ్వబోయి, మొహం చూసి ఆగిపోయింది.

భోజనాలకి కూర్చున్నాం. పప్పులో బెల్లం, పులుసులో బెల్లం. మా సుశీల మా ఇంట్లో గొడ్డుకారం తిన్న పిల్ల, ఇక్కడి వంటతీరు పూర్తిగా అలవాటైపోయింది. మజ్జిగ పోసుకుంటూ మాస్టారే అన్నారు, గన్నవరం నుంచి వరసకు మేనమామ అయ్యేవాడు వస్తున్నాడుగా, గంప అతని చేత పట్టించండి అని. అసలు పెళ్ళి తగరపువలసలో, పెళ్ళికొడుకు ఊళ్ళో. మా వైపు పెళ్ళి ఆడపిల్ల ఇంటి దగ్గర చేస్తాం, వాళ్ళింట్లో పద్ధతి వేరు, పెళ్ళికూతురే తరలి వెళ్ళాలి. అంటే ఈ చివర నుంచి ఊరు మొత్తం దాటి ఆ చివరకి, దారి పొడుగునా సిగ్నళ్ళు.

హిమ అప్పటిదాకా గోడకానుకుని నిలబడి ఉంది. పోర్టులో ఇంజనీరు, ముప్పయ్యో పడిలో పడబోతోంది, గట్టిగా మాట్లాడదు.

"అయితే గంప వద్దు మావయ్యా. నేను నడిచే వస్తాను పీటల దగ్గరికి."

సుశీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నడిచి వెళ్ళిన పెళ్ళికూతురంటే మేనమామ లేని పిల్ల అని లోకం అనుకుంటుంది. మాస్టారు చెయ్యి కడుక్కోవడానికి లేచి, చాలాసేపు కొళాయి దగ్గరే ఉండిపోయారు.

ఉక్కునగరం మలుపులు

ఆ సాయంత్రం హిమ మా గదిలోకి స్టీలు గ్లాసు పట్టుకుని వచ్చింది. వేసవి సెలవులకి ఉయ్యూరు వచ్చినప్పుడు మావయ్య తనని బస్సెక్కించి, చేతికి నీళ్ళ గ్లాసిచ్చి, నీళ్ళు ఎటు ఒరిగితే త్వరణం దానికి ఎదురు దిక్కున ఉన్నట్టు అని చెప్పేవాడట. నాకు గుర్తుంది, పిల్ల గౌను ఎప్పుడూ తడిసే వచ్చేది.

"నీ చెవికి తెలిసేది ఈ నీళ్ళకీ తెలుస్తుంది కదా మావయ్యా. నీళ్ళు తొణక్కపోతే నీకూ ఏం కాదు. కారు నేను నడుపుతా."

పెళ్ళికూతురు కారు తోలడమేమిటని సుశీల గొడవపడింది. హిమ వినలేదు. మరునాటి నుంచి అభ్యాసం. మాస్టారు ముందు సీట్లో, నేను వెనక సీట్లో, పళ్ళెంలో గ్లాసు నా ఒళ్ళో.

స్టీల్ ప్లాంటు కాలనీ కాబట్టి ఉక్కునగరం రోడ్లు విశాలంగా, చెట్ల నీడలో ఉంటాయి, బండ్లు తక్కువ. అయినా మొదటి మలుపులోనే సగం గ్లాసు నా చీర తాగేసింది. రెండో మలుపులో మిగతాది. హిమ నెమ్మదిగానే పోతోంది, కానీ మలుపు దగ్గరకొచ్చాక స్టీరింగు ఒక్కసారి తిప్పేస్తోంది, ఆగేటప్పుడు చివర్లో ఒక కుదుపు. మాస్టారు డోరు పట్టుకుని కళ్ళు మూసుకునే చెబుతున్నారు, బ్రేకు ఎలా నొక్కడం మొదలెడతావో అలాగే వదలాలి, ఆగే చివరి క్షణంలో కాలు కాస్త తేల్చు అని. ఆయన మొహం పాలిపోయి ఉంది. చాలించండి ఇవాళ్టికి అన్నాను. "ఇంకొక్క చుట్టు," అన్నారు. మేనమామా మేనకోడలూ ఇద్దరూ మొండివాళ్ళే. వాళ్ళ మొండితనానికి నేను ఆ వారంలో ఎన్ని చీరలు ఆరేశానో సుశీలనడగండి.

వెనక స్టీల్ ప్లాంటు చిమ్నీల పొగ ఎర్రబడుతుంటే కారు ఆపి, ముగ్గురం మొక్కజొన్న పొత్తులు తిన్నాం. రోడ్డు మీద, పరాయి ఊళ్ళో, ఆయన పక్కన నిలబడి. నాకెంత సంతోషంగా ఉందో ఎవరికీ చెప్పలేదు.

ఫిషింగ్ హార్బర్, తెల్లవారక ముందు

ఊళ్ళో ట్రాఫిక్ లేని వేళ చూసి అసలు రోడ్డు మీద ప్రయత్నించాలని, తెల్లవారకముందే గాజువాక మీదుగా హార్బర్‌కి బయలుదేరాం. చేపలు కొనే మిష ఉంది కదా. గ్లాసులో నీళ్ళు అంచు దాకా వచ్చి వెనక్కి పోయాయి, పొర్లలేదు.

మేము నిద్రలేచామని గొప్పగా అనుకుంటే అక్కడ అప్పటికే ఊరంత జనం. ఐసు పెట్టెలు, వేలం పాటలు, ఒక పక్కన వలలు బాగుచేసేవాళ్ళు. పెద్ద వంజరం చూసి బేరమాడాను. అమ్మే ఆవిడ కిలో వెయ్యి అంది, నేను ఆరొందలన్నాను.

"ఏటమ్మా, నీ కోపం సేప మీదా, నా మీదా?" అంది నడుం మీద చెయ్యేసుకుని.

ఎనిమిదొందలకి తెగింది. మా ఉయ్యూరులో చెరువు చేప మీద ఇంత డబ్బు పెడితే అత్తగారు కలలోకి వచ్చేది. పక్కకి తిరిగితే మాస్టారు లేరు. చూస్తే, ధక్కా అంచున, అదే బోట్లు ఆనే గట్టు మీద నిలబడి తిరిగొస్తున్న ఒక బోటుని చూస్తున్నారు. చాలా దూరంలోనే ఇంజను తగ్గించేశారు. బోటు ఊరికే తేలుకుంటూ వస్తోంది, వస్తున్నకొద్దీ నెమ్మదిస్తోంది. చివరికి గట్టుకి వేలాడదీసిన పాత టైర్లకి అలా ఆనింది, ఒక్కరూ తూలలేదు.

"బోటుకి బ్రేకులుండవు హిమా," అన్నారు. "అందుకని ఆపడం ముందునుంచే మొదలుపెడతారు."

వెనక్కి వస్తుంటే హిమ కాన్వెంట్ జంక్షన్ సిగ్నలు ఎర్రగా ఉండడం అల్లంత దూరాన చూసి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసింది. వెనకాల బస్సువాడు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు. మేము తేలుకుంటూ వెళ్ళి ఆగాం. ఆగినట్టు నాకు తెలియలేదు. గ్లాసులో నీళ్ళ మీద నా మొహం కనబడుతోంది, పక్కన డబ్బాలో వంజరం కూడా కదల్లేదు. మాస్టారు కళ్ళు తెరిచే ఉన్నాయి.

తగరపువలస

పెళ్ళిరోజు పట్టుచీరతో, పూలజడతో కారు తోలిన పెళ్ళికూతుర్ని మీరెక్కడా చూసి ఉండరు. మద్దిలపాలెం దగ్గర ఒక స్కూటరువాడు అడ్డొచ్చి రెండు చుక్కలు ఒలికాయి. హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం, అక్కడి నుంచి పెద్ద రోడ్డు. అక్కడ హిమ వేగం పెంచింది. ఎంత పెంచిందో నాకు తెలియదు, చెట్లు మాత్రం గబగబా వెనక్కి పోయాయి. ఆయన కిటికీ దించుకుని గాలికి మొహం పెట్టారు.

మండపం ముందు దిగి, ఎవరి భుజమూ పట్టుకోకుండా నిలబడ్డారు. సుశీల ముందే వచ్చి ఎదురుచూస్తోంది. అన్నని అలా చూసి, అందరి ముందూ భోరుమంది.

ఇక గంప. హిమ గౌరీపూజ ముగించి, కొబ్బరిబోండం పట్టుకుని గంపలో కూర్చుంది. ముందు పక్క మాస్టారు, మిగతా మూడు పక్కలా గన్నవరం అతనూ, పెళ్ళికొడుకు బంధువులు ఇద్దరు, కండబట్టిన మనుషులు. ముహూర్తం దగ్గర పడుతోందని పంతులుగారు మైకులో కేకేశారు. పెళ్ళికొడుకు తల్లి అప్పలనరసమ్మ గారు పరుగున వచ్చి, "బేగి బాబూ, బేగి, టైమైపోతంది," అంది.

అంతే, వెనకవాళ్ళిద్దరూ ఒక్క ఊపున లేపి ముందుకు తోశారు. గంప ఊగింది. మాస్టారి కాలు తడబడింది. కళ్ళు మూతలు పడడం, మొహం తెల్లబడడం నేను చూశాను. గంప కింద పెట్టేశారు. సన్నాయి ఆగిపోయింది.

"బేగి వెళదాం నాయనా," అన్నారు ఆయన, రొప్పుతూ. "త్వరగా మాత్రం వద్దు."

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "రెండూ ఒకటే కదేటి బావా?" అన్నాడు ఒకడు పక్కవాడితో. నవ్వు రావలసిన మాటే. నేను మాత్రం ఆయన మొహమే చూస్తున్నాను. గన్నవరం అతను, నేను ముందుకి వస్తానులే అన్నయ్యా అని చెయ్యి చాపాడు. చాలామందికి అదే మంచిదనిపించింది. మాస్టారి చెయ్యి గంప అంచు మీద నుంచి జారడం మొదలైంది.

గంపలోంచి హిమ వంగి ఆ చెయ్యి పట్టుకుంది. తల దించుకునే, మెల్లగా అంది. దగ్గరగా ఉన్నాను కాబట్టి విన్నాను.

"నన్ను గ్లాసనుకో మావయ్యా."

ఆయన ఆ పిల్ల మొహంలోకి చూశారు. క్లాసులో పిల్లలకి చెప్పినట్టే ఆ ముగ్గురికీ చెప్పారు, అందరం కలిసి మెల్లగా లేపుదాం, మొదటి అడుగు చిన్నది, తర్వాత అన్నీ ఒకేలాంటివి, పీటలు ఇంకా దూరంగా ఉండగానే ఆగడం మొదలుపెడదాం అని. గంప లేచింది. ఎప్పుడు లేచిందో తెలియలేదు. మండపం పొడుగునా ఒకటే నడక. అప్పలనరసమ్మ గారు బేగి అనడం మరిచిపోయి, నోటి మీద వేలేసుకుని చూస్తోంది. హిమ ఒళ్ళో కొబ్బరిబోండం ఇటు ఒరగలేదు, అటు ఒరగలేదు. అడ్డుతెర ముందు గంప నేలకి ఆనినప్పుడు పంతులుగారికి కూడా తెలియక, "దింపండి బాబూ," అన్నారు.

"దింపేశాం," అన్నారు మాస్టారు.

జీలకర్ర బెల్లం వేళ దాటలేదు. ఇంకాస్త సమయం మిగిలిందని పంతులుగారే ఒప్పుకున్నారు. నేను వెనక్కి వెళ్ళి స్తంభం చాటున నిలబడి కడుపారా ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావమ్మా అని అడిగిన ముసలమ్మకి, పెళ్ళి కదా అని చెప్పాను. ఆవిడ కూడా ఏడ్చింది, తోడుగా.

తిరుగు రైలు

దువ్వాడ స్టేషన్‌లో సుశీల కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. సంచిలో మాడుగుల హల్వా, బెల్లం, హిమ పంపిన స్టీలు గ్లాసు. పక్క లైన్లో రైలు కదిలేసరికి మాదే కదిలిందనుకుని నేను గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాను. "మనది కాదే," అని నవ్వారు. చెవి బాగున్న నేను మోసపోయాను, చెవి బాగాలేని ఆయన మోసపోలేదు. ఆయన చెవి ఇప్పటికీ అంతే, రేపు ఆటో ఎక్కితే మళ్ళీ తిరుగుతుంది. అది పోదు. కానీ ఎలా వెళ్ళాలో తెలిసింది.

"మళ్ళీ బేగి రా అన్నయ్యా," అంది సుశీల, కళ్ళు తుడుచుకుంటూ.

"బేగి వస్తానమ్మా," అన్నారు. "త్వరగా మాత్రం రాను."

సుశీలకి అర్థం కాలేదు, అయినా తలూపింది. ప్లాట్‌ఫారం వెనక్కి జరుగుతుంటే తెలిసింది, మా రైలు ఎప్పుడో కదిలిందని. ఆయన కిటికీలోంచి చెల్లెలికి చెయ్యి ఊపుతూనే ఉన్నారు. రెండో చెయ్యి నా చేతిలో ఉంది. అనకాపల్లి దగ్గరకొచ్చేసరికి బండి మంచి వేగంలో ఉంది, ఇక పట్టుకోవలసిన అవసరం లేదు. ఆ సంగతి ఆయనా అనలేదు, నేనూ అనలేదు.